నలభై ఒకటో ఎముక

తిరువనంతపురంలోని ఆ ఇంట్లో టిఫినుకి బియ్యప్పిండి పుట్టు ఉడుకుతున్న ఆవిరి వాసన వరండా దాకా వస్తోంది. తంకమణి వాకర్ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ భోజనాల బల్ల వైపు నడుస్తోంది. తుంటి ఆపరేషన్ జరిగి మూడు వారాలైంది. విరిగిన ఎముకలకు దన్నుగా నింపే పదార్థాలు తయారుచేసే ల్యాబులో ఆమె కూతురు ప్రీజ సైంటిస్టు. అప్పుడే ఫోన్లో ఎవరితోనో చెబుతోంది.

“నలభై ఒకటోది సోమవారం కోసేద్దాం. ఆడమనిషి, అరవై ఎనిమిదేళ్ళు, షుగరుంది. స్కానింగులో ఎముక గట్టిగానే కనబడింది, కానీ పెరట్లో కాలు జారగానే విరిగింది. ఇలాంటిది మళ్ళీ దొరకదు.”

తంకమణి ఆగిపోయింది. “ఎవరే ఆ ఆడమనిషి?”

ప్రీజ ఫోన్ పెట్టేసింది.

“నా ఎముకేనా?”

“ఎలాగూ డాక్టర్లు తీసేసిందే కదమ్మా. ఎందుకు విరిగిందో తెలిస్తే నీలాంటి వాళ్ళకి…”

“నన్నడిగారా?”

“నాన్న సంతకం చేశారు.”

బల్ల దగ్గర కూర్చున్న భర్త సుకుమారన్ పేపరు మడిచాడు. “అప్పుడు నువ్వు నొప్పితో అరుస్తున్నావు. నిన్నేం అడుగుతాం? పారేసేదానికి ఇంత గొడవెందుకు?”

“పారేస్తే పారేయండి. పారెయ్యమని నేను చెప్పాలి!” తంకమణి బల్ల దాకా వచ్చి దాని మీద కొట్టిన దెబ్బకి టీ గ్లాసు ఒరిగిపోయింది. “నలభై మూడేళ్ళుగా నా బదులు మీరే మాట్లాడుతున్నారు. నా ఉద్యోగానికి రాజీనామా కూడా మీరే రాశారు. చివరికి నా ఒంట్లో ఎముక్కూడా మీదేనా?” కూతురి వైపు తిరిగింది. “ఆయన సంగతి నాకు తెలుసు. నీకేమైందే? బయటి ఆడవాళ్ళతోనూ ఇలాగే చేస్తావా?”

ప్రీజ ఒరిగిన గ్లాసు నిలబెట్టింది. సంతకానికి ముందు ప్రతి రోగికీ అరగంట వివరించాలని కొత్తగా చేరిన వాళ్ళకి నేర్పేది తనే. అమ్మకి ఐదు నిమిషాలు కూడా ఇవ్వలేదు.

వెంటనే ల్యాబుకి ఫోన్ చేసి ఆ పని ఆపించింది.

మూడో రోజు ప్రీజ కొత్త కాగితం తెచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ప్రతి వాక్యం చదివి వినిపించింది. “ఇష్టం లేకపోతే లేదని చెప్పమ్మా. తెచ్చి నీ చేతికిస్తాను.”

తంకమణి చాలా ప్రశ్నలు వేసింది. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించబోయిన సుకుమారన్, ఆమె చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “తప్పు నాదే, తంకం,” అన్నాడు మెల్లగా. ఆమె అతని జేబులోంచే పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

“నేనూ వస్తాను. నా కళ్ళ ముందే కొయ్యాలి.”

ల్యాబులో గాజు పలక మీద నిమ్మకాయంత ఎముక. తంకమణి కుర్చీలో కూర్చుని దాన్ని చాలాసేపు చూసింది. రంపం పట్టుకున్న ప్రీజ కళ్ళలో నీళ్ళు నిండాయి.

“ఏడవకే, చెయ్యి వణుకుతుంది,” అంది తంకమణి. “సరిగ్గా కొయ్యి.”