సువార్తమ్మ మూడో పిలుపు

ముదిగుబ్బలో మా వీధికి ఎనకాల ఒక సందు ఉండాది. ఆ సందులో చివరిల్లు జాకబ్‌ది. రాత్రి అన్నాలు తినే వేళ అయ్యిందంటే ఆ పక్కకు మనుషులు పోరు. గొర్రెలు గూడా పోవంటారు. ఎందుకు పోరాదో నేను గొర్రెల్ని అడగలేదు, అవీ చెప్పలేదు.

ఆ ఇంటికి చెడ్డపేరు ఎట్లొచ్చెనో చెప్తా వినండి. నేను చూసింది కొంచెం, విన్నది శానా.

జాకబ్ భార్య సువార్తమ్మ పోయిన ఎండాకాలం చనిపోయింది. ఆయమ్మ లేని ఇంట్లో ఉండలేక జాకబ్ బీగం వేసుకొని, ఎనక వీధిలో వదిన ఎలిజబెత్తమ్మ ఇంటికి పోయినాడు. ఎలిజబెత్తమ్మ అంటే సువార్తమ్మకు సొంత అక్క. రెండిండ్లకూ మధ్యన పెరటి గోడ ఒక్కటే. బీగం వేసినాడే గాని కరెంటు తీయించలేదు. ఫ్రిజ్జు, నెట్టు డబ్బా, గోడకు పెద్ద టీవీ... అన్నీ ఆయమ్మ ఉన్నప్పుడు ఎట్లుండెనో అట్లనే ఉండాయి.

ఇంగ మా బామ్మర్ది రామాంజులు సంగతి. గొర్రెల యాపారం. ఒకరోజు సంత నుంచి వస్తా, చుట్టూ తిరగాల్సి వస్తాదని ఆ సందులో అడ్డం పడినాడు. వీధిలైటు లేదు. కుక్క అరుపు లేదు. గాలి గూడా ఆడకుండాది...

"రామాంజులూ..."

నిలబడిపోయినాడు.

మాకాడ చిన్నపిల్లోళ్ళకు గూడా తెలుసు. చీకట్లో ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే పలకరాదు. దెయ్యం రెండుసార్లు పిలుస్తాది, మూడోసారి పిలవదు. మూడోసారి పిలిస్తేనే మనిషి. మావాడు పండ్లు బిగబట్టుకొని నిలబడినాడు.

"రామాంజులూ... తిన... తిన... తినకుండా పోతావా?"

గొంతు సువార్తమ్మదే! బీగమేసిన ఇంట్లో నుంచి. కిటికీ సందుల్లో నీలంగా వెలుగు — వస్తాండాది, పోతాండాది. మళ్ళా ఏమీ లేదు. చీకటి. అయిపోయిందిలే అని మెల్లిగా కాలెత్తినాడు.

"రామాంజులూ! తిన... తినకుండా పోతావా?"

మూడోసారి! మూడోసారి పిలిచిందంటే మనిషే అని లెక్క. ఆ మనిషేమో సమాధిలో ఉండాది. ఏ లెక్కా కుదరక మావాని నోరు దానంతటదే తెరుచుకుంది.

"వస్తాండా అక్కా" అనేసినాడు.

అంతే... చెప్పులు ఆడే, తువ్వాల ఆడే. మా ఇంటి తలుపు మీద వచ్చి పడినాడు. ఒళ్ళంతా కాలిపోతాండాది. దుప్పటి కప్పితే దాంట్లో నుంచి ఒకటే గొణుగుడు — "చెయ్యి కడుక్కోవాల... చెయ్యి కడుక్కోవాల..."

జ్వరంలో ఏమన్నా వస్తాదిలే అని నేను పట్టించుకోలేదు.

'తినకుండా పోతావా' అనే మాట వానికి అంతగా ఎందుకు తగిలిందంటే, దానికి ఒక కథ ఉండాది. సువార్తమ్మ కూతురి పెండ్లిలో మావాడు మొదటి బంతిలో కూర్చున్నాడు. ఆకు మీద పప్పు గూడా పడింది. అంతలో పెండ్లికొడుకు తరపోళ్ళు వచ్చిరని ఎవడో తలమాసినోడు "అన్నా, నువ్వు రెండో బంతికి లేయి" అన్నాడు. పప్పు పడినాక లేపుతారా ఎవర్నన్నా? లేచినాడు, తువ్వాల ఇదిలించినాడు, తినకుండా వచ్చేసినాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆయమ్మ చనిపోయినప్పుడు గూడా బయటనే నిలబడి చూసి వచ్చినాడు. ఇప్పుడు ఆయమ్మే పిలుస్తాండాదే!

మరుసటి రోజు నుంచి ఊరికి వేరే పని లేదు. నిమ్మకాయల ఈరన్న వచ్చి, మొత్తం విని, కండ్లు మూసి చెప్పినాడు.

"ఇది నత్తి దెయ్యమప్పా. శానా అరుదు."

"బతికున్నప్పుడు ఆయమ్మకు నత్తి లేదే?"

"సచ్చినాక వచ్చిండాది."

గుమ్మానికి నిమ్మకాయలు కట్టినాడు. రెండు దినాలకు తాయెత్తుల నబీ సాబ్ ఆ పక్కనే పోతా విన్నాడు. ఈసారి నత్తి లేదు! గొంతు గంట కొట్టినట్ల ఉండాదంట. "చూసినారా, నా నిమ్మకాయలకు నత్తి పోయింది" అని ఈరన్న మీసం తిప్పినాడు. దెయ్యాన్ని పొమ్మంటే దానికి వైద్యం చేసినాడు మహానుభావుడు! నబీ సాబ్‌కు రోషమొచ్చి కిటికీ ఊచకు తాయెత్తు కట్టినాడు. మర్నాడు దెయ్యం బ్యాండు మేళంతో వచ్చింది.

ఇట్ల ఈ పక్కన ఊరు వణుకుతాంటే, గోడకు ఆ పక్క జాకబ్‌కు వేరే బాధ.

సువార్తమ్మ జ్ఞాపకానికి చేసే ఏడాది కూడిక దగ్గరికొచ్చింది. పాస్టరు వస్తాడు, ప్రార్థన ఉంటాది, భోజనాలు ఉంటాయి. "ఆ పొద్దు ఆయమ్మ గొంతు ఒక్కసారి వినాలప్పా. ఫోటోకు గొంతు ఉండదు గదా" అంటాడు జాకబ్. ఆ గొంతు ఉండేది కూతురి పెండ్లి వీడియోలో. స్టూడియోవాళ్ళు అప్పట్లో గొప్పగా బ్లూరే డిస్కుల్లో ఇచ్చినారు. అవి ఆడించే పెట్టె ఓల్టేజీ ఎక్కువొచ్చి కాలిపోయింది. సెల్లు రిపేరు తౌఫిక్ ఆ డిస్కుల్ని ఒక పాత కంప్యూటర్లోకి ఎక్కించి, బీగమేసిన ఇంట్లో నెట్టు డబ్బా పక్కన పెట్టినాడు. దాన్ని సర్వర్ అంటారంట. రాత్రీ పగలూ అది మేలుకొనే ఉంటాది. ఎలిజబెత్తమ్మ ఇంట్లో కూర్చొని సెల్లులో నొక్కితే ఆయమ్మ ఇంటి టీవీలో బొమ్మ రావాల.

రాలేదు.

రోజూ అన్నం తినంగానే జాకబ్ వీడియోను సువార్తమ్మ మాట్లాడే చోటికే జరిపి నొక్కుతాడు. రాదు. మళ్ళీ నొక్కుతాడు. రాదు. తౌఫిక్ వచ్చి తల గోక్కుంటాడు.

"ఫైలు బరువన్నా. నెట్టు మోయలేకుండాది." ఫైలు పలచన చేసినాడు. రాలేదు.

"శబ్దం వేరే రకమన్నా. సినిమా హాలుకు చేసినట్ల చేసినారు, ఇంటి టీవీకి అరగదు." శబ్దం మార్చినాడు. రాలేదు.

చివరికి వీడియోలో ఆయమ్మ గొంతు బాగా వినపడే తుంట ఒక్కటే కోసి, శబ్దం ఆకాశానికి పెంచి, "ఇంగ దీన్నే నొక్కి చూస్తా ఉండన్నా" అన్నాడు. జాకబ్‌కు చెవులు మందం. ఎలిజబెత్తమ్మ కూలర్ తిరిగితే ఇంట్లోకి విమానం దిగినట్ల ఉంటాది. గోడ అవతల ఏమవుతాండాదో వాళ్ళకేం తెలుసు?

కూడికకు ముందురోజు రాత్రి ఈరన్న, నబీ సాబ్, నేను ఆ గుమ్మం ముందర నిలబడినాం. రామాంజుల్ని గూడా పట్టుకొచ్చినాం. వాడు నా చొక్కా వదల్లేదు. ఎలిజబెత్తమ్మ బీగంచెవి తీసుకొని వచ్చింది, ఇంకో చేతిలో చీపురు.

"నీకు బయం లేదా అమ్మా?" అన్నాడు ఈరన్న.

"మా చెల్లెలు బతికుండంగా చెప్పిన మాట మళ్ళా చెప్పిందా? దినామూ అదే మాట అంటాండాదంటే అది మా చెల్లెలు కాదు. ఎవతో చూస్తా, జరుగు!"

తలుపు తెరిచింది.

లోపల చీకటి... ఫ్రిజ్జు గుర్రుమంటాండాది...

భగ్గుమని గోడంతా వెలుగు! పట్టుచీర, నెత్తిన కనకాంబరాలు, చేతిలో పప్పు గరిటె — సువార్తమ్మ!

"రామాంజులూ! తినకుండా పోతావా?"

ఈరన్న నబీ సాబ్ మీద, నబీ సాబ్ నా మీద, అందరమూ నిమ్మకాయల మీద పడినాం. అప్పుడు... పెరటి గోడ అవతల నుంచి జాకబ్ గొంతు తాపీగా వచ్చింది.

"ఈడ రాలేదు తౌఫిక్. ఇంగోసారి నొక్కుతా."

టీవీలో సువార్తమ్మ మళ్ళీ గరిటె ఎత్తింది.

అదీ సంగతి! సెల్లులో రెండు టీవీల పేర్లూ కనపడతాండాయి. జాకబ్ వేలు అలవాటు కొద్దీ పాత టీవీ మీదనే పడతాండాది. తౌఫిక్ ఫైలుకు, శబ్దానికి, వైరుకు అన్నిటికీ వైద్యం చేసినాడు గాని, ఏ టీవీకి పోతాండాదని చూడలేదు. వాడు రిపేరు చేసేకొద్దీ దెయ్యం బాగుపడింది. ఎలిజబెత్తమ్మ ఆ చీపురుతోనే తౌఫిక్‌ను గోడ దాటించింది.

మర్నాడు కూడిక అదే ఇంట్లో పెట్టినారు. ఏడాదికి తలుపులన్నీ తెరిచినారు. తౌఫిక్ నొక్కినాడు. తెర మీద మావాడు తువ్వాల ఇదిలించుకొని పోతాండాడు, ఎనకాల సువార్తమ్మ గరిటెతో పరిగెత్తుకొస్తాండాది — "రామాంజులూ! తినకుండా పోతావా?" ఇంతకాలమూ తన్ను ఎవరూ పిలవలేదనుకున్నాడు మావాడు. పిలిచింది, బ్యాండు మేళంలో వానికి వినపడలేదు. జాకబ్ టీవీ పక్కకు పోయి, చెవి దానికి ఆనించి నిలబడినాడు. అందరమూ ఆపక్కకు చూడకుండా తలకాయలు తిప్పుకున్నాం.

రామాంజులు మొదటి బంతిలో కూర్చున్నాడు. జాకబ్ వడ్డించినాడు. తిన్నాడు. ఆకు ఊడ్చినట్ల తిన్నాడు.

తిన్నాక నా చెవికాడ గుసగుసగా అన్నాడు. "బా... ఇంగో మాట ఉండాల గదా?"

"ఏం మాటరా?"

"నేను 'వస్తాండా అక్కా' అన్నాక... 'సరే, చెయ్యి కడుక్కొని రా' అనె. అది రాలేదే?"

తౌఫిక్‌తో మళ్ళీ వేయించినాం. మళ్ళీ వేయించినాం. డిస్కులన్నీ మొదట్నుంచి చూసినాం. యాడా లేదు.

"ఉండేది ఇంతే అన్నా" అన్నాడు తౌఫిక్. సెల్లు కింద పెట్టేసినాడు.

నేను బయపడే మనిషిని కాదు. ఆ సందులోనే పోతా వస్తా. కాకపోతే ఇంటికాడ కడుపునిండా తిని, చెయ్యి కడుక్కొని పోతా. అడిగితే చెప్పడానికి ఒక మాట ఉండాల గదా.