లేని కుళాయి దొంగ

"నా డేటాబేస్ మొత్తం ఎత్తేశారు మీరు," అన్నాడు యాసెన్, కాఫీ కూడా ముట్టకుండా.

ఎదురుగా కూర్చున్న రలిత్సా కళ్ళెత్తి చూసింది. ఆ కళ్ళు బాగున్నాయి. అందుకే అతని అనుమానం ఇంకా పెరిగింది.

మూడేళ్ళు రొడోపి కొండలన్నీ కాళ్ళరిగేలా తిరిగి, దారి పక్కనుండే మంచినీళ్ళ రాతి కుళాయిలు పద్నాలుగు వందలు ఎక్కడెక్కడున్నాయో పోగేసి యాప్ చేశాడు. మొన్న ఈ అమ్మాయి యాప్ వచ్చింది. అందులోనూ అవే.

"కుళాయి ఎక్కడుందో చెప్పడానికి మీ పర్మిషన్ కావాలా?"

"ఒక్కటైతే అక్కర్లేదు. కష్టపడి పోగేసిన మొత్తాన్ని లాగేస్తే చట్టం ఊరుకోదు."

"నేను నడిచి రాసుకున్నా."

"అలాగా? ఈ మలుపు దగ్గరున్నది కూడానా?" ఫోను ముందుకు తోశాడు. "అక్కడ కుళాయే లేదు. కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోడానికి నేనే కల్పించి పెట్టా. పేరు మార్చినంత మాత్రాన దొరకననుకున్నారా?"

ఆమె పకపకా నవ్వింది. "అక్కడ నేను నీళ్ళు తాగానండీ బాబూ! పదండి, చూపిస్తా."

ప్లోవ్‌దివ్ పట్నం నుంచి బస్సులో గంట. సంచిలో లాయరు నోటీసు, పక్క సీట్లో దొంగ. కిటికీ గాలికి ఆమె జుట్టు ఎగిరి తన భుజానికి తగులుతుంటే, ఇదీ ఒక ఎత్తుగడేమో అనుకున్నాడు.

మలుపు తిరిగారు. కుళాయి ఉంది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. రాతి మీద 'మెతోది కుళాయి' అని చెక్కి ఉంది. రలిత్సా యాప్‌లో ఉన్న పేరూ అదే.

"మీరే కట్టించారా?" అన్నాడు యాసెన్, ఇంకా నమ్మకం కుదరక.

"నేను కట్టించా," అంది పక్కింటి గడపలో కూర్చున్న అవ్వ. "ఇక్కడ కుళాయి ఉందని ఎవడో ఫోనులో రాశాడంట. అది చూసి జనం ఖాళీ సీసాలతో వచ్చి నా తలుపు బాదేవాళ్ళు. పోయిన మా ఆయన పేరు మీద ఎలాగూ ఒకటి కట్టించాలి కదా, పైనున్న ఊట నుంచి గొట్టం లాగించి ఇక్కడే కట్టించా. వాడు దొరకాలి, చెవి మెలేస్తా!"

యాసెన్ నోటీసు తీసి నాలుగు ముక్కలు చేశాడు.

"ఆ ఎవడో నేనే అవ్వా. మూడేళ్ళలో నడవకుండా రాసింది ఇదొక్కటే." రలిత్సా వైపు తిరిగాడు. "క్షమించండి. పొద్దున మీరు కళ్ళెత్తి చూసినప్పుడే నచ్చారు. నమ్మడానికే భయమేసింది."

అవ్వ లేచి వచ్చి అతని చెవి పట్టుకుంది.

రలిత్సా దోసిలి పట్టి నీళ్ళు తాగి, అతన్ని అనుమానంగా చూసింది.

"ఇంక నీ లిస్టులో ఒక్కటీ నమ్మను. పద్నాలుగు వందలూ మళ్ళీ నడిచి చూడాల్సిందే. నేనూ పక్కనుంటా, ఆదివారానికి ఒక్కటి."

యాసెన్ మనసులో లెక్కేసుకున్నాడు. దాదాపు ఇరవై ఏడేళ్ళు పడుతుంది.

చెవి ఇంకా అవ్వ చేతిలోనే ఉంది. అయినా నవ్వు ఆగలేదు.