మార్కండేయ కోయించిన స్ప్రింగులు

లాక్‌డౌన్‌లో అందరూ ఏదో ఒకటి నేర్చుకున్నారు. కొందరు కేకులు చేయడం, కొందరు సొంతంగా క్షవరం చేసుకోవడం. మార్కండేయ కార్ల సస్పెన్షన్ గురించి నేర్చుకున్నాడు. అప్పటికి అతనికి కారు లేదు.

సూరత్‌లోని సలాబత్‌పురాలో ఒక చీరల వ్యాపారి దగ్గర కంప్యూటర్ మీద ప్రింట్ డిజైన్లు గీసే ఉద్యోగం అతనిది. మార్కెట్ మూతపడింది, మగ్గాలు ఆగిపోయాయి, పువ్వులూ లతలూ అడిగేవాడు లేడు. లింబాయత్‌లోని రెండు గదుల ఇంట్లో నాయినమ్మ ఎల్లవ్వ పక్కన గోడకు ఆనుకుని, మూడు నెలల పాటు ఫోన్లో కార్ల వీడియోలే చూశాడు. చూసి చూసి, తనకు తెలియనిది ఏమీ లేదన్న స్థితికి చేరుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ వయసులో అది ప్రమాదకరమైన స్థితి.

వరాఛాలో వజ్రాలు సానబట్టే ఒకాయన సొంతూరికి వెళ్ళిపోతూ తన చిన్న కారు అమ్మేశాడు. మార్కండేయ కొన్నాడు. తొమ్మిదేళ్ళ బండి. తిన్నగా బాగానే పోయేది. మలుపు వస్తే మాత్రం పెళ్ళిలో తాగిన మేనమామలా ఒక పక్కకు ఒరిగిపోయేది.

అక్టోబర్‌లో ఒక ఉదయం, ఖటోదరాలో మన తెలుగాయన వర్క్‌షాప్ ఉందని విని అక్కడికి వెళ్ళాడు. ఒక వ్యాను కింద నుంచి రెండు బూట్లు కనిపిస్తున్నాయి. మార్కండేయ ఆ బూట్లతోనే మాట్లాడాడు.

"భయ్యా, జర నా బండి చూడాలె. బాడీ రోల్ మస్తుంది. నాలుగు దిక్కుల కాయిలోవర్లు, గదే రేసు కార్ల స్ప్రింగులు, వెట్టి రెండించులు కిందికి దించాలె. ముంగట క్యాంబర్ మైనస్ ఒకటిన్నర ఉండాలె. స్ప్రింగ్ రేటు జర స్టిఫ్..."

అలా ఐదు నిమిషాలు చెప్పాడు. తన గొంతు తనకే బాగా వినిపించింది. అప్పుడు చక్రాల పలక ఒకటి దొర్లుకుంటూ బయటికి వచ్చింది. దాని మీద పడుకున్నది భయ్యా కాదు. నీలం డ్రెస్సు, గ్రీజు వేలిముద్రలున్న మాస్కు, దాని పైన రెండు కళ్ళు. ఆ కళ్ళు నవ్వుతున్నాయో, విసుక్కుంటున్నాయో మాస్కు వల్ల తేలలేదు.

"అయిపోయిందా అన్నా?" అంది.

"ఇంకొంచెం ఉండె..."

"టైర్లల్ల గాలి ఎంతుంది?"

మార్కండేయకు ఎక్కడో విదేశంలో రేసు కార్ల టైర్లలో ఎంత గాలి ఉంటుందో తెలుసు. తన కారు టైర్లలో ఎంతుందో తెలియదు. ఆమె మీటర్ పెట్టి చూసింది.

"ఇరవై రెండు. ముప్పై ఉండాలె. నీ బండి ఒరుగుతలేదన్నా, కూలవడుతుంది."

"ఓనర్ లేడా?" అని అడిగాడు మార్కండేయ. ఆ రోజు అతను అడిగిన ప్రశ్నలన్నింటిలో అదే తెలివితక్కువది.

"ఓనర్ మా బాపు బుచ్చిరాములు. అగో, గాడ చాయ్ తాగుతుండు. డిప్లొమా చదివింది నేను. నా పేరు కరుణ. ఎవరిని విలువాలె?"

అతను పక్కకు జరిగాడు. కరుణ కారు ముందు మూలను రెండు చేతులతో బలంగా నొక్కి వదిలింది. బండి మూడుసార్లు ఊగి ఆగింది.

"ఒక్కసారే లేచి ఆగాలె. షాకర్లు వోయినయ్. రబ్బరు బుష్‌లు గూడ వోయినయ్. ముంగట గవి మార్చు."

"అవి మారిస్తే హ్యాండ్లింగ్ వస్తదా?"

"కొత్తగ రాదు. వోయింది వాపస్ వస్తది."

మూడు నెలల చదువు అరనిమిషంలో కొట్టుకుపోతే ఎవరికైనా బాధే. మార్కండేయ గాలి మాత్రం నింపించుకుని, మర్నాడు రోడ్డు పక్కన ఇంకో షెడ్డుకు వెళ్ళాడు. నాలుగు స్ప్రింగులకూ తలా ఒకటిన్నర చుట్టు కోయించాడు. కారు నేలకు దగ్గరగా, పొంచి కూర్చున్న పులిలా తయారైంది. కనీసం అతనికి అలా కనిపించింది. తొమ్మిది ఫొటోలు తీసుకున్నాడు.

నాలుగో రోజు ఎల్లవ్వను కళ్ళ డాక్టర్ దగ్గరికి బయల్దేరదీశాడు. సూరత్‌లో ప్రతి సొసైటీ గేటు ముందూ ఒక స్పీడ్ బ్రేకర్ ఉంటుందని ఆ రోజే గమనించాడు. ప్రతిదాని మీదా కారు కడుపు గీరుకుంది. ప్రతి గుంతలోనూ ఎల్లవ్వ తల పైకప్పును తాకింది.

"ఓరి నీ కారు పాడుగాను! గిది కారా, వడ్లు దంచుడు రోలా?"

"గిది స్పోర్ట్స్ సెట్టింగ్ నాయినమ్మా."

"స్పోర్ట్సు నువ్వాడుకో. నన్ను దించు."

దించాల్సిన అవసరం రాలేదు. ఖటోదరా మూల మీద ఎత్తైన బ్రేకర్ పైకి ఎక్కి, కడుపు ఆనించి, కారే ఆగిపోయింది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. వర్క్‌షాప్ అక్కడికి నూరు అడుగులు.

కరుణ జాకీ పట్టుకుని వచ్చింది. వంగి కిందికి చూసింది. చాలాసేపు లేవలేదు. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని ఈసారి మాస్కు ఉన్నా తేలిపోయింది.

"ఎన్ని చుట్లు కోయించినవ్ అన్నా?"

"ఒకటిన్నర."

"ముంగటియేనా?"

"నాలుగింటికి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఎల్లవ్వ కారు దిగి, ఆమెను పైనుంచి కిందికి చూసింది. "ఏ ఊరు బిడ్డా మీది?"

"సిరిసిల్ల దిక్కు అవ్వా."

"మా దిక్కే! జర వీనికి బుద్ధి చెప్పు బిడ్డా. నాతోని అయితలేదు."

ఆ రోజు నుంచి వర్క్‌షాప్‌లో అతని పేరు 'స్ప్రింగుల పోరడు'. పెట్టింది బుచ్చిరాములు. కారును అక్కడే అప్పజెప్పి, మార్కండేయ సిగ్గు చంపుకుని మళ్ళీ కాయిలోవర్ల మాట ఎత్తాడు. కరుణ పానా పక్కన పెట్టింది.

"బండిల ఎవరెవరు కూసుంటరు?"

"నేను."

"ఇంకా?"

"నాయినమ్మ."

"ఆమె మోకాళ్ళకు కాయిలోవర్ ఏం జేస్తది? ఇను. స్ప్రింగ్ బరువు మోస్తది, షాకర్ ఊగుడు ఆపుతది. నీకు కావల్సింది బండి కింద వడుడు కాదు, మలుపుల నిలవడుడు. కంపెనీ స్ప్రింగులు మళ్ళ వెడదాం. షాకర్లు మాత్రం గ్యాస్‌వి. ఒక్కొక్కటే మారుద్దాం. అన్నీ ఒక్కపారే మారిస్తే, ఏది పని చేసిందో ఎరుకగాదు."

ఒక్కొక్కటే కాబట్టి ఆదివారానికి ఒకటి. అమర్చడం ఆమె పని, నడపడం అతని పని. కొలవడం ఎల్లవ్వ పని. వెనక సీట్లో స్టీలు గ్లాసు నిండా మజ్జిగతో ఆమె కూర్చునేది. రింగ్ రోడ్ ఫ్లైఓవర్ ఎక్కి, ఉధ్నా దర్వాజా దగ్గర మలుపు తిరిగి, ఖటోదరా గతుకుల మీదుగా వెనక్కి రావాలి. ఎంత మజ్జిగ ఒలికిందన్నదే లెక్క.

షాకర్లు మార్చిన ఆదివారం గ్లాసులో సగం మిగిలింది. బుష్‌లూ టైర్లూ మార్చాక ముప్పావు. రెండు పక్కల చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ రాడ్డు దగ్గర మార్కండేయ మళ్ళీ పాండిత్యం చూపించాడు. ఉన్నవాటిలో అన్నిటికన్నా లావుది వేయమన్నాడు. కరుణ అదే వేసింది. మలుపులో బండి కొంచెమైనా ఒరగలేదు. మార్కండేయ మీసం దువ్వబోయి, మాస్కు దువ్వుకున్నాడు. తర్వాత గతుకులు వచ్చాయి. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రాన్ని కూడా ఆ రాడ్డు లాగేసి, బండి మొత్తం అటూ ఇటూ ఊగింది. మజ్జిగంతా ఎల్లవ్వ చీర మీదే.

"మలుపుకు మంచిదే, గుంతకు పాడు," అంది కరుణ. "నడిమిది వేద్దామా?"

"ముందే తెలుసా నీకు?"

"తెలుసు. చెప్తె ఇంటవా?"

నడిమిది వేశారు. ఆ ఆదివారం ఒక్క చుక్క ఒలకలేదు. ఎల్లవ్వ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

మార్కండేయకు మాత్రం దిగులు పట్టుకుంది. బాగైన బండిని చూసి బాధపడ్డ యజమాని అతనొక్కడే అయ్యుంటాడు. పైగా సూరత్‌లో మగవాళ్ళందరూ భాయ్‌లు, ఆడవాళ్ళందరూ బెన్‌లు, అంటే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. ప్రేమించేవాడికి ఇంతకన్నా గడ్డు ఊరు దొరకదు. కరుణ నలుగురిలో అతన్ని 'మార్కండేయభాయ్' అనేది, తెలుగులో 'అన్నా' అనేది. రెండు భాషల్లోనూ తలుపులు మూసుకుపోయాయి.

అయినా జనవరిలో ఒక రోజు వర్క్‌షాప్‌కు వెళ్ళాడు. "ఎడమ పక్కన టక్ టక్‌మని శబ్దం వస్తుంది."

కరుణ కారు తీసుకుని రెండు చుట్లు తిరిగి వచ్చింది. తాళం చెవి అతని చేతిలో పెట్టి, "శబ్దం బండిల లేదు," అంది.

దొరికిపోయాననుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడి ఇంటికి వచ్చేశాడు. రెండు నెలలు దాటినా ఖటోదరా వైపు వెళ్ళలేదు. డ్యూటీకి కూడా వేరే దారిలో, మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోయాడు. ఆ దారిలో తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు. కారు వాటిని గుర్తించను కూడా లేదు.

ఏప్రిల్ వచ్చింది. ఊరంతా రోజంతా అంబులెన్సుల మోతే. ఒక ఉదయం ఏడు గంటలకు ఫోన్ మోగింది.

"మార్కండేయా, బాపుకు దమ్ము ఆడుతలేదు. అంబులెన్స్ రెండు గంటలు అంటున్నరు. మా వ్యాన్‌ల పండవెడితే ఎగిరెగిరి పడుతడు. నీ బండి తీస్కరా."

పది నిమిషాల్లో వెళ్ళాడు. స్టీరింగ్ ముందు కరుణ కూర్చుంది. తాను నడుపుతాననబోయి, ఆమె ముఖం చూసి వెనక తలుపు తీశాడు. వెనక సీట్లో బుచ్చిరాములు తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన వేలికి తగిలించిన చిన్న ఆక్సిజన్ మీటర్ ఎనభై నాలుగు చూపిస్తోంది. ఎన్ని వీడియోలు చూసినా ఆ అంకెను ఎలా పెంచాలో మార్కండేయకు తెలియలేదు. ఆయన భుజం పట్టుకుని, "దగ్గరికొచ్చినం బాపూ, దగ్గరికొచ్చినం," అంటూ ఉన్నాడు. దగ్గరికేం రాలేదు.

గతుకుల రోడ్డు వచ్చింది. కరుణ వేగం తగ్గించలేదు. బండి చదునుగా సాగిపోయింది. బుచ్చిరాములు కళ్ళు తెరిచాడు.

"పిల్లా... ఎనుక షాకర్లు... మంచిగ కూసున్నయ్."

"సప్పుడు జేయకు బాపూ!" అంది కరుణ. ఆమె ఒకేసారి నవ్వుతూ ఏడుస్తోందని అద్దంలో కనిపించింది. మార్కండేయ చూపు తిప్పుకున్నాడు, తన కళ్ళు ఆమెకు కనిపించకూడదని.

మొదటి ఆసుపత్రిలో మంచం లేదు. రెండోదాంట్లో దొరికింది. ఆయన కోలుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ ఎల్లవ్వ వండిన గిన్నె తీసుకుని మార్కండేయ ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్ళేవాడు. లోపలికి ఎవరినీ రానివ్వరు. ఇద్దరూ కారు అద్దాలు దించుకుని, కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. ఆరో రోజు బుచ్చిరాములుకు ఆక్సిజన్ తగ్గించారని కబురు వచ్చింది. కరుణ ఆ రోజు మొదటిసారి కడుపునిండా తిన్నది.

చేయి కడుక్కుంటూ అడిగింది. "రెండు నెలలు మా దిక్కే రాకపోతివి. ఎందుకు?"

"శబ్దం బండిల లేదన్నవు గదా."

"అవ్, బండిల లేదన్న. మరి యాడుందో అడుగుతవనుకున్న."

మార్కండేయకు ఎన్నో జవాబులు గొంతు దాకా వచ్చి, "కూరల ఉప్పు సరిపోయిందా?" అన్న ఒక్కటే బయటపడింది. ఆ రాత్రంతా తనను తాను తిట్టుకున్నాడు.

బుచ్చిరాములు ఇంటికి వచ్చాడు. జూన్ చివర్లో వాన మొదలైంది. వయసులో ఉన్నవాళ్ళకూ టీకాలు వేస్తున్నారని తెలిసి, ఇద్దరూ కలిసి ఒక మునిసిపల్ స్కూలుకు వెళ్ళారు. సూదులు పొడిపించుకుని, అరగంట కూర్చోవలసిన గదిలో ఎడమెడంగా వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. కిటికీ బయట వాన దంచి కొడుతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని మార్కండేయకు తెలుసు.

నర్సు ఒక్కొక్కరి దగ్గర ఆగుతూ వచ్చి, "గభరామణ్ థాయ్ ఛే?" అని అడిగింది. కంగారుగా ఉందా అని.

"బహు థాయ్ ఛే," అన్నాడు మార్కండేయ నిజాయితీగా. చాలా ఉందని.

నర్సు గాభరాపడి చేతికి బీపీ పట్టీ చుట్టింది. అంకె చూసి కళ్ళు పెద్దవి చేసి, ఇంకో అరగంట కదలవద్దని చెప్పి డాక్టర్ కోసం వెళ్ళింది.

"ఏమైంది? తల తిరుగుతుందా?" కరుణ దగ్గరికి వచ్చింది.

"ఇది టీకాది కాదు కరుణా. చానా రోజుల సంది ఉంది. నువ్వు రోజూ కనవడకుంటె ఎక్కువైతది. కనవడితె ఇంకా ఎక్కువైతది. నాకు సక్కగ చెప్పరాదు. నన్ను పెండ్లి జేస్కుంటవా?"

పక్క కుర్చీలోని గుజరాతీ పెద్దాయనకు తెలుగు రాదు. అయినా ఫోన్ పక్కన పెట్టి ఇటు తిరిగాడు.

"బాపుకు నిన్ననే చెప్పిన," అంది కరుణ.

"ఏమని?"

"నువ్వు ఇంకా చెప్పలేదు గని, చెప్తవని."

"ఏమన్నడు?"

"పోరనికి బండ్ల సంగతి ఏం తెల్వదన్నడు. గని తెల్వదని ఒప్పుకుంటడు, గసొంటోడు దొరుకుడు కష్టం, చేస్కో అన్నడు."

అతని జీవితంలో ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు. "మరి నువ్వేమన్నవ్?"

"నేనేమంట? సరే అన్న."

నర్సు తిరిగి వచ్చి మళ్ళీ బీపీ చూసింది. ఈసారి అంకె ఇంకా పైకి పోయింది. ఆమె తల పట్టుకుని, కరుణతో మీ టైమ్ అయిపోయింది, మీరు ఇంటికి వెళ్ళవచ్చని చెప్పింది.

కరుణ తన కుర్చీని చప్పుడు చేస్తూ అతని పక్కకు లాక్కుని కూర్చుంది.

"నా, హూ బేసీశ్," అంది నర్సుతో. కూర్చుంటానని. "ఆ అమారా ఛే."

ఈయన మావాడే అని.