సీసాలో నది

ముఖ్యమంత్రి అభ్యర్థి కోసం కారులో పెట్టిన మంచినీళ్ల సీసా తీసి డ్రైవర్ రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్కకి మనిషి లేడు. తల స్టీరింగ్ మీద వాలిపోయి హారన్ ఆగకుండా మోగింది. ఆ మోత విని, మెట్లు దిగుతున్న అభ్యర్థి అక్కడే ఆగిపోయింది. ఇంకాస్త ముందు దిగి ఉంటే ఆ సీసా ఆవిడ చేతిలో ఉండేది.

మర్నాడు పొద్దున సీక్రెట్ సర్వీస్ చీఫ్ గదిలో కొంగ నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, బక్కగా ఉంటాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. కదిలే రైలు మీంచి దూకినవాడు, శత్రువుల విందులో వాళ్ల పక్కనే కూర్చుని భోంచేసినవాడు. ఎన్నడూ తొణకలేదు. ఇవాళ సెల్యూట్ కొట్టడం కూడా మర్చిపోయాడు. చీఫ్‌కి కళ్లున్నాయిగా, కనిపెట్టేశాడు.

"భయంగా ఉందా?"

"ఉంది సర్. ఆవిడ మా అక్క."

"తెలిసే పిలిచాను."

"సొంతవాళ్ల కేసు ఇవ్వకూడదని రూలుంది కదా సర్?"

"ఆ రూలు రాసింది నేనే. కూర్చో."

కూర్చున్నాడు. చీఫ్ గోడ మీది మ్యాప్‌లో నది పొడవునా వేలు జరిపాడు.

"కార్గో గ్యాంగ్. విదేశీ ముఠా. ఎక్కడెక్కడి కెమికల్ వేస్టో ఓడల్లో తెచ్చి మన రాష్ట్రంలో పొలాల కింద పూడుస్తారు. మిగిలింది ఒడ్డునున్న తమ ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి నదిలో వదిలేస్తారు. మీ అక్క గెలిస్తే నది ఒడ్డున ఒక్క ఫ్యాక్టరీ ఉండదు. పూడ్చినవాడే తవ్వుకుని, తెచ్చిన చోటికే మోసుకుపోవాలి. వాళ్ల దుకాణం బంద్."

"మళ్లీ ప్రయత్నిస్తారా?"

"రేపే. మన ఏజెంట్ వయొలిన్ ఒక మెసేజ్ పట్టింది. 'నదే ఆవిణ్ని తీసుకుపోతుంది.' అంటే మళ్లీ నీళ్లలోనే విషం. రేపు నది ఒడ్డున ఆఖరి సభ."

"సభ క్యాన్సిల్ చేయిద్దాం సర్."

"ఫోన్ అదిగో. నువ్వే చెప్పు. వింటుందేమో చూద్దాం."

కొంగ ఫోన్ వైపు చెయ్యి కూడా చాపలేదు. అక్క ఒకరి మాట వినడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఆవిడ అలవాట్లు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీవు. అందుకే నువ్వు. ఇదిగో, ఈ వాచీ పెట్టుకో. దీంట్లోంచి తీగ లాగి నీళ్లకి తాకించు. ప్రాణం తీసే విషముంటే ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు."

మర్నాడు మధ్యాహ్నానికి నది ఒడ్డు జనంతో నిండిపోయింది. వలలు భుజాన వేసుకున్నవాళ్లు, ఇటుక బట్టీల కూలీలు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. నది మీంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. ఇక్కడివాళ్లకి అలవాటే, ముక్కు కూడా మూసుకోరు. కొంగ మైకు మెకానిక్ వేషంలో స్టేజీ పక్కన యాంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు. అంటించుకున్న మీసం చెమటకి ఊడొచ్చేలా ఉంది.

వయొలిన్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, భుజాన చిన్న తోలు బ్యాగు. ఆమె నడిచొస్తుంటే బందోబస్తు కానిస్టేబుళ్లు కూడా డ్యూటీ మర్చిపోయారు. పైకి అభ్యర్థికి ప్రెస్ సెక్రటరీ. లోపల డిపార్ట్‌మెంట్ మనిషి.

"ఈ మైకు ఎంత దూరం వినిపిస్తుంది?" కోడ్ మాట అడిగింది.

"గాలి ఒప్పుకున్నంత దూరం."

"మీసం ఊడేంత చెమటేంటి?" గొంతు తగ్గించింది. "నువ్వు నీళ్లు చూసుకో. పైన నేనున్నాగా."

ఆ మాటకి కొంగకి కాస్త ధైర్యం వచ్చింది. పాపం, అంత తెలివైనవాడూ నమ్మేశాడు.

స్టేజీ మీది కూజా పరీక్షించాడు. పచ్చలైటు. గ్లాసు, బకెట్టు, మంచుగడ్డల డబ్బా. పచ్చలైటు. రేవు మెట్లు దిగి నదిలోనే తీగ ముంచాడు. పచ్చలైటే. పచ్చలైటు వెలిగినకొద్దీ కంగారు పెరుగుతోంది. ఒక్కచోట ఎర్రగా వెలిగితే బాగుండు దేవుడా, విషం ఎక్కడుందో తెలిసిపోయేది! విషం ఉన్నదీ నిజమే, కనబడనిదీ నిజమే. అక్క మాత్రం పైన నిలబడి నవ్వుతోంది.

ప్రభుత్వ ల్యాబులో నీళ్ల పరీక్షలు చేసే ఇంజనీరుగా సగం జీవితం గడిపిందావిడ. నదిలో ఏం కలుస్తోందో ఉన్నదున్నట్టు రాసినప్పుడల్లా బదిలీ చేశారు. విసిగిపోయి ఉద్యోగం మానేసి ఎన్నికల్లో నిలబడింది. తమ్ముడు ఊరూరా తిరిగి ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకుంటున్నాడనే ఆవిడ నమ్మకం.

"మీ బోరు నీళ్లు కాచి చూడండి," మైకులో అంటోంది అక్క. "గిన్నె అడుగున పసుప్పచ్చ మడ్డి మిగులుతుంది. అది మట్టి కాదు. మీ పొలం కింద ఎవడో పూడ్చిపెట్టిన పాపం. అది తవ్వి తీయిస్తాను. నది ఒడ్డు నదికే వదిలిపెట్టిస్తాను. మాట తప్పితే పట్టుకోడానికి మీకో సాక్ష్యం ఇచ్చి వెళ్తాను."

ప్రతి సభలోనూ ఆవిడ చేసే పనే ఇది. అక్కడి నీళ్లు జనం ముందే గాజుసీసాలో పట్టి, ఊరు పేరూ తేదీ రాసి, సంతకం చేసి వాళ్లకే ఇస్తుంది. "ఐదేళ్లయ్యాక ఇదే చోట ఇంకో సీసా పట్టండి. రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా లేకపోతే నన్ను మళ్లీ ఊళ్లోకి రానివ్వకండి."

రేవులోకి దిగింది. నీళ్లతోనే సీసా కడిగి పారబోసి, మళ్లీ నింపి, మూత బిగించి స్టేజీ ఎక్కింది. తడి సీసా ఎడం చేతిలో ఉంది. కుడిచెయ్యి పక్కకి చాపింది.

"పెన్ను!"

వయొలిన్ బ్యాగులోంచి లావుపాటి మార్కర్ తీసిచ్చింది. తోకవైపు రెండు వేళ్లతో పట్టుకుని ఇచ్చింది.

కొంగ చూపు ఆ మార్కర్ మూత మీద పడింది. నున్నగా ఉంది. కొత్తగా మెరుస్తోంది.

అక్క చేతిలో నున్నటి మూత ఉన్న పెన్ను అతనెప్పుడూ చూడలేదు. నీళ్లు పట్టేవాళ్లకి ఒక చేతిలో సీసా, ఒక చేతిలో పెన్ను. ఇక మూత తియ్యాలంటే పళ్లే. ఆవిడ ల్యాబులో, ఇంట్లో, హ్యాండుబ్యాగులో ఉన్న ప్రతి పెన్ను మూతా ఎలక కొరికినట్టే ఉంటుంది. మరి ఇది కొత్తది. ఇచ్చింది వయొలిన్. నీళ్లలో విషం అన్న మెసేజ్ పట్టుకొచ్చిందీ వయొలినే!

స్టేజీ ఎక్కేంత వ్యవధి లేదు. మార్కర్ ఆవిడ నోటి దగ్గరికి వెళ్తోంది. పళ్లు తెరుచుకున్నాయి.

ముందున్న టెస్టింగ్ మైకు లాక్కుని, ట్రెయినింగులో నేర్పినవన్నీ మర్చిపోయి, ఒక్క అరుపు అరిచాడు.

"అక్కా! మూత నోట్లో పెట్టావంటే అమ్మతో చెప్తా!"

స్పీకర్లన్నీ ఒక్కసారి అదే మాట అరిచాయి. జుట్టు సగం నెరిసిన మనిషి, రేపో మాపో రాష్ట్రాన్ని ఏలబోయే మనిషి, చిన్నపిల్లలా ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి దాచుకుంది.

వయొలిన్ మాత్రం ఉలిక్కిపడలేదు. ఆమె చెయ్యి బ్యాగులోకి వెళ్లి బుల్లి పిస్టల్‌తో బయటికొచ్చింది. కొంగ స్టేజీ మీదికి పాకిన మైకు కేబుల్ రెండు చేతులా పట్టి గుంజాడు. ఎత్తు మడమలు కేబుల్‌లో చిక్కుకున్నాయి. ఆమె బోర్లా పడింది, గుండు స్టేజీ పరదాలోంచి దూసుకుపోయింది, పిస్టల్ ఎగిరి నదిలో పడింది. కానిస్టేబుళ్లకి అప్పుడు డ్యూటీ గుర్తొచ్చింది.

కొంగ స్టేజీ ఎక్కి, అక్క చేతిలోంచి మార్కర్ గుడ్డతో తీసుకుని, మూతకి తీగ తాకించాడు. ఎర్రలైటు.

"నదికి అంత కాపలా పెట్టారు," బేడీలు వేస్తుంటే వయొలిన్ నవ్వింది. "పెన్నుకి ఒక్కణ్నీ పెట్టలేదు."

"మరి డ్రైవర్ని ఎందుకు చంపావ్?"

"ఆవిడ దిగేలోపు ఆ సీసా వాడే తాగేస్తాడని తెలుసు. మీరంతా నీళ్లవైపే చూడాలి కదా."

ఒక మనిషి ప్రాణం, ఉత్త దారి తప్పించడానికి.

ఆమెని జీపెక్కించాక అక్క అతని ముందుకొచ్చి నిలబడింది. ఎగాదిగా చూసింది. వేలాడుతున్న మీసాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పీకింది.

"ఏరా, ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు మీసాలు కూడా ఇస్తున్నారా?"

అతను స్టేజీ మీదే కూలబడ్డాడు.

"పోయావనుకున్నా అక్కా. నా కళ్ల ముందే పోయావనుకున్నా." అంతమంది చూస్తుండగా ఏడ్చేశాడు.

ఆవిడ పక్కనే చతికిలబడి తల నిమిరింది. "ఊరుకోరా. ఉన్నాగా."

నోరు పిడచకట్టుకుపోయింది అతనికి. అక్క పక్కన పెట్టిన నదినీళ్ల సీసా అందుకుని మూత తిప్పబోయాడు. అక్క ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటేసింది.

"పరీక్షించాను అక్కా, పచ్చలైటే వచ్చింది!"

"మీ వాచీకి హంతకులు కలిపిందే తెలుస్తుందిరా. ఫ్యాక్టరీలు కలిపింది తెలీదు," సీసా లాక్కుంది అక్క. "ఈ నీళ్లు తాగాలనుంటే ముందెళ్లి నాకు ఓటెయ్యి."