పాపమ్మ పేర్చిన బల్ల

ఆదివారం పొద్దున్నే నాచారంలోని తన ఇంట్లో, పళ్లు తోముకుంటూ హాల్లోకి వచ్చిన బ్లెస్సన్ బొమ్మలా నిలబడిపోయాడు. బొమ్మల పుస్తకాల అర ఖాళీ! అరకొరగా కాదు, అర మొత్తం.

నోట్లో బ్రష్ ఉండగానే అరిచాడు. "ఫెబా! నా పుస్తకాలేవి?"

పాతకాలపు కామిక్స్‌ని కలిపి గట్టి అట్టతో వేసిన లావుపాటి సంపుటాలవి. సగం వాటిలో ముసుగు వీరులు ఎగురుతారు, మిగతా సగంలో శవాలు లేస్తాయి. ఆ అట్టలు చూసి చుట్టాలు అట్టుడికిపోతుంటారు.

వంటింట్లోంచి భార్య ఫెబా తల బయటపెట్టింది. "నన్నడుగుతవేంది? అత్తమ్మను అడుగు."

తల్లి పాపమ్మ చాప పరుస్తోంది. భర్త ఏలియా పోయి ఏడాది. కాసేపట్లో ఇంట్లో జ్ఞాపకార్థ కూటం.

"అమ్మా, ఏడ వెట్టినవ్?"

"దయ్యాల బొమ్మలు ఎదురుంగ వెట్టుకొని ప్రార్థన జేస్తమా బిడ్డా? పాస్టరయ్యగారు సూస్తే ఏమనుకుంటడు?"

"పాత పేపరోనికి ఇచ్చేసినవా? నాయన ఉంటే నిన్ను చెయ్యి వెట్టనిచ్చెటోడా! బస్సు డిపోల డ్యూటీ దిగి ఉప్పల్ కెళ్లి గా పాత బొమ్మల పుస్తకాలే తెస్తుండె. ఇంగ్లీషు రాకున్నా బొమ్మలు సూసి నాకు కథలు జెప్పిండు. నాయనను మట్టిల వెట్టినం. మిగిలింది నువ్వు చెత్తల వెట్టినవ్!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పాపమ్మ చేతిలోంచి చాప కొస జారింది. ఆమె ఏదో చెప్పబోయింది. "వందనాలమ్మా!" అంటూ జనం గేటు తోసుకుని వచ్చేశారు.

కూటం మొదలైంది. తెల్ల దుప్పటి కప్పిన బల్ల మీద బైబిల్ పెట్టుకుని అయ్యగారు ఊపందుకున్నాడు. "సమాధులు తెరుచుకుంటయి! సచ్చినోళ్లు లేస్తరు!" అని బల్ల మీద ఒక్కటి చరిచాడు.

దుప్పటి జారింది. బల్ల లేదు. పుస్తకాల దొంతర! ముందున్న అట్ట మీద, సమాధిలోంచి లేస్తున్న ఎముకల గూడు జనాన్ని చూసి పళ్లికిలించింది. "ఆమెన్" అనబోయిన నోళ్లు "అమ్మో" అన్నాయి.

అయ్యగారు ఒక్క క్షణం తేరిపార చూశాడు. "భయపడకుండ్రి. గీయనను గూడ వాక్యం విననియ్యుండ్రి," అని బైబిల్ పేజీ తిప్పాడు.

జనం భోంచేసి వెళ్లాక బ్లెస్సన్ తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "పొద్దుగాల అనరాని మాటన్న అమ్మా."

"పారేయనీకె మనసొప్పలే బిడ్డా. బైబిల్ కింద వెడితే దయ్యాలు గమ్మునుంటయనుకున్న." పాపమ్మ ఆ ఎముకల గూడు పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుంది. "నువ్వు డ్యూటీకి పోయినంక మీ నాయన నాకు గూడ జెప్పెటోడు. దవాఖానకు పోయిన పొద్దు గీ కథ సగంల ఆపిండు. గీయన పెండ్లాన్ని దేవులాడుకుంట లేచొచ్చిండంట. దొరికిందా?"

బ్లెస్సన్ చివరి పేజీ తీశాడు. నిన్ను చంపడానికే లేచి వచ్చానని ఎదురుగా ఉన్న ఆడమనిషితో ఇంగ్లీషులో అంటోంది ఎముకల గూడు. ఆ మాటలున్న బుడగని బొటనవేలితో మూసేశాడు.

"దొరికిందమ్మా. అన్నం తిన్నవా అని అడుగుతున్నడు."

పాపమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"గట్లనే అడుగుతడు," అంది.