నీలం పోగు

నగరి మగ్గాల వీధిలో ఉండేవాళ్లకు మోత వినిపించదు. తెల్లారింది మొదలు ప్రతి షెడ్డులో మరమగ్గాలు కొట్టుకుంటూనే ఉంటాయి. ఆ మోతలోనే పిల్లలు చదువుకుంటారు, పసివాళ్లు నిద్రపోతారు. వాళ్లకు ఒళ్లు జలదరించేది కరెంటు పోయినప్పుడే. ఒక్కసారిగా వీధంతా ఆగిపోయి, పక్కింట్లో గ్లాసు కింద పెట్టినా వినిపిస్తుంది.

ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం, నందిని గంగులమ్మ షెడ్డుకు బయల్దేరింది. అక్కడ మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయింది. కొత్త నూలు చుట్టిన దుంగను, బీమును, ఎక్కించారు. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా చేత్తో అతకాలి. మనిషి దొరకలేదు, కాస్త పిల్లను పంపమని గంగులమ్మ కబురు పెట్టింది.

"పోయి రా మే. పాపం, బిడ్డను పోగొట్టుకున్న మనిషి," అంది నందిని వాళ్లమ్మ.

నందిని కాదనలేదు. వద్దంటే ఎందుకు వద్దంటున్నావని అడుగుతారు. ఏప్రిల్ నుంచి ఆమె భయమంతా ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని.

భయం అన్నాను గానీ, అది కూడా పూర్తిగా భయం కాదు. ఏప్రిల్ నుంచి నందినికి ఏదీ సరిగ్గా తగలడం లేదు. పులుసన్నం తిన్నా మజ్జిగన్నం తిన్నా ఒకటే రుచి. టెన్త్ పాసైంది, ఇంటర్‌లో చేరింది, పుట్టినరోజుకు కొత్త చుడీదార్ వేసుకుంది. అన్నీ ఎవరికో జరుగుతున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

ఏప్రిల్‌లో జరిగింది వీధికి తెలిసినంత వరకు ఇదీ. గంగులమ్మ కూతురు జాహ్నవి, నందిని ఒకే క్లాసు. జాహ్నవికి ఆటిజం అని తిరుపతిలో డాక్టరు చెప్పాడు. వీధి మాత్రం ఆ మాట పట్టించుకోకుండా తనకు తోచిన పేర్లతో పిలుచుకుంది. ఆ పిల్ల ఎవరి కళ్లలోకీ చూసేది కాదు. బడి గంట మోగితే చెవులు మూసుకునేది. కానీ పోగులు అతికే పనిలో ఆమె పక్కన నిలబడగలిగినవాళ్లు ఆ వీధిలో లేరు. బీము వెనక కూర్చుని, చెక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు టక్ టక్ అని కొట్టి, అప్పుడు పోగు ముందుకు అందించేది. కొట్టకుండా ఒక్క పోగూ ఇచ్చేది కాదు. మొదలుపెట్టిన పని ముగిసేదాకా లేచేదీ కాదు. మధ్యలో ఆపితే గుక్కపట్టి ఏడ్చేది.

ఒక శనివారం ఆమె బడి నుంచి ఇంటికి రాలేదు. బడి వాచ్‌మన్ ఓబయ్య, శనివారం లోపల చూడకుండానే తాళం వేసిన స్టేజీ వెనక రేకుల గదిని, సోమవారం పొద్దున తెరిచాడు. ఆ ఎండల్లో రెండు రోజులు. ఆమె ఒళ్లో నీలం నూలు ఉండ ఒకటి ఉంది, ఎక్కడా ఒక్క చిక్కు లేకుండా చుట్టింది. వేలి కణుపులు మాత్రం చెక్కుకుపోయి ఉన్నాయి. నూలు ఉండను పోలీసులు కవర్లో పెట్టుకుని పోయారు. ఆ వీధిలో సగం ఇళ్లలో నీలం లుంగీలే నేస్తారు, అది ఎవరి ఇంటి నూలని చెప్పగలరు? బడివాళ్లు రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ మౌనాన్ని కూడా ఫోటో తీయించుకున్నారు.

షెడ్డులో రేకుల మీద అప్పుడే చినుకులు మొదలయ్యాయి. గంజి వాసన, మిషను నూనె వాసన. బీము మీద తెల్లటి పోగులు దుప్పటి కట్టినట్టు నిలబడి ఉన్నాయి. గంగులమ్మ ఇంట్లో నేసేది తెల్ల పంచెలే.

"నువ్వు ముందర కూర్సోని అతుకు. నేను ఎనక నుంచి అందిస్తా," అంది గంగులమ్మ.

పోగు జారకుండా నందిని వేళ్లకు బూడిద అద్దుకుంది. పోగుల తెర వెనక నుంచి గంగులమ్మ వేళ్ల కొసలు మాత్రమే కనబడుతున్నాయి. ఒక పోగు రావడం, పాత కొసతో కలిపి మెలిపెట్టడం, వదలడం. మళ్లీ ఇంకొకటి.

ఐదున్నరకు వాన జోరందుకుంది. కరెంటు పోయింది. వీధంతా ఆగిపోయింది. నందిని చార్జింగ్ లైటు వేసి పక్కన పెట్టుకుంది. దాని వెలుతురు ఆమె చేతుల వరకే. బీము వెనక చీకటి. రేకుల మీద వాన తప్ప ఏమీ వినబడటం లేదు.

టక్ టక్.

పోగు వచ్చింది. నందిని అతికింది.

టక్ టక్.

ఇంకొకటి వచ్చింది. కూతురి అలవాటు తల్లికి పట్టినట్టుంది అనుకుంది నందిని. పోగు గరుకు వేళ్లకు తెలిసింది. నాలుగు నెలల తర్వాత ఆమెకు ఏదో తగలడం అదే మొదటిసారి. చీకట్లో మొహం కనబడకపోవడం వల్లనో ఏమో, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"పెద్దమ్మా... ఆ నూలు నేనే ఇచ్చినా."

టక్ టక్. పోగు వచ్చింది. ఆమె అతుకుతూనే ఉంది.

"క్లాసులో మోనికా వాళ్ల బెంచీలో సోటు కోసరం... మధ్యలో ఆపితే అది ఏడుస్తాదని నేనే వాళ్లకు సెప్పినా. ఇంక దినామూ అదే ఆట. అది బాక్సు సర్దుకుంటాంటే వాళ్లు లాగేసేది, రాస్తాంటే పెన్ను పీకేసేది, ఏడిస్తే ఫోన్లో తీసేది. నేనూ నవ్వినా పెద్దమ్మా."

టక్ టక్.

"గ్రూప్ ఫోటో దినం అదుంటే పాడైపోతాదని మోనికా అనింది. మా ఇంట్లో సిక్కు పడిన నూలు తీసకపోయి, దాన్ని ఆ గదిలో కూర్సోబెట్టినా. సిక్కంతా తీసేదాకా లేయదని నాకు తెలుసు. ఫోటో అయినాక పోదామనుకున్నా... అందరం ఐస్‌క్రీముకు పోతిమి. మర్సిపోయినా."

ఆమె గొంతు మామూలుగానే ఉంది, పాఠం అప్పజెప్పినట్టు.

"రాత్రి నువ్వొచ్చి అడిగినప్పుడు గుర్తొచ్చింది. అది ముందే వచ్చేసింది కదా అంటి. మీరంతా రైల్వే స్టేషన్ కాడికి పరిగెత్తినారు, పుత్తూరు దాకా పోయినారు. నేను గడపలో నిలబడి సూస్తా ఉండినా. అప్పటికి అది బతికే ఉండింటాది."

అంతా చెప్పేసింది. ఒక్క మాట మాత్రం దాచుకుంది. ఆ గది తలుపు దగ్గరకు వేస్తూ జాహ్నవితో అన్న మాట. 'అయిపోయినాక పిలువు జానూ. వచ్చి తీసకపోతా.' అది విన్నవాళ్లు లోకంలో ఇద్దరే, అందులో ఒకరు లేరు.

తెర వెనక ఏ చప్పుడూ లేదు. పోగు రాలేదు. తిట్టు రాలేదు. ఏడుపూ రాలేదు. నందిని చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

చాలాసేపటికి... టక్ టక్.

పోగు వచ్చింది.

అప్పుడే ఆమె వీపు వెనక తలుపు తెరుచుకుంది. వాన గాలి లోపలికి కొట్టింది.

"అబ్బా, ఏం వానబ్బా ఇది," అంటూ గంగులమ్మ గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చింది. చేతిలో పాల పాకెట్టు. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు అంటుకుపోయాయి. "కరెంటు పోయినప్పుడే లేసి పోయినా. టీ పెడదామంటే పాలు లేకపాయె. నీకు సెప్పినానే, వాన్లో ఇనబళ్లేదా? ఎవురితో మాట్లాడతాండావు పాపా?"

నందిని మెల్లగా తల వంచి లైటు ఎత్తింది. బీము వెనక పీట ఖాళీగా ఉంది. ఆ పక్క ఎవరూ లేరు.

తర్వాత ఆమె అతికిన పోగులు చూసింది.

సగం వరకు తెలుపు. అక్కడి నుంచి... నీలం. ఒక్కొక్కటే, వరసగా, ఎక్కడా చిక్కు లేకుండా. ఆమె వేళ్ల మధ్య ఇంకా పట్టుకుని ఉన్నదీ నీలమే.

గంగులమ్మ దగ్గరకు వచ్చింది. వంగి, ఆ నీలం పోగుల మీద అరచేయి పెట్టి నిమిరింది, నిద్రపోయే బిడ్డ తల నిమిరినట్టు. ఒకసారి నందిని మొహంలోకి చూసింది. నాలుగు నెలలుగా నందిని ఎదురుచూసిన ప్రశ్న ఆ రోజు కూడా రాలేదు.

గంగులమ్మ పాల పాకెట్టు కింద పెట్టింది. గొడుగు తీసుకుంది. తలుపు వైపు నడిచింది.

"పెద్దమ్మా..." అంది నందిని. లేవబోయింది.

"మధ్యలో లేయద్దు," అంది గంగులమ్మ, వెనక్కి తిరగకుండానే. "దానికి ఏడుపొస్తాది."

తలుపు దగ్గరకు పడింది. బయట గొళ్లెం పడిన చప్పుడు, వానలో కూడా స్పష్టంగా వినిపించింది. తర్వాత తలుపు సందులోంచి గంగులమ్మ గొంతు, మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు.

"అయిపోయినాక పిలువు జానూ. వచ్చి తీసకపోతా."

టక్ టక్.