గంటా పది నిమిషాల భయం

"నా మెషిన్ మీద చెయ్యి వేసేముందు నన్ను అడగాలని తెలీదా మీకు?"

మూడు నెలల క్రితం ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. ఆ రోజే పడిపోయాను. తిట్లకి పడిపోయేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణేనట, మా అక్క అంటుంది.

ఆవిడ సైంటిస్టు. నేను యాంటెన్నా టెక్నీషియన్ని. ఈ ఉదయం బృహస్పతి దగ్గరున్న ఒక మంచు చంద్రుడి మీదికి రాడార్ సిగ్నల్ పంపాం. వెళ్ళి రావడానికి గంటా పది నిమిషాలు. యాంటెన్నా మళ్ళీ ఆవిడకి దొరికేది ఏడాది తర్వాతే. మూడేళ్ళ పరిశోధన ఇవాళ్టి మీదే ఉంది.

"ఇవాళైనా ఆవిడకి నీ మనసు చెప్పకపోతే ఇంటికి రాకు" అని అక్క ఆర్డరు. అందుకే కంట్రోల్ రూమ్‌లో ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఏంటా చెమటలు? పరీక్ష నాకా, మీకా?" అని నవ్వింది.

"అబ్బే, ఏసీ సరిగ్గా..."

"సరే, ఓ వింత చెప్తా వినండి. మన సిగ్నల్ సుడి తిరుగుతూ వెళ్తుంది కదా. రాయికి తగిలితే ఎదురు సుడితో వస్తుంది. మంచు అలా కాదు. లోపలికి లాక్కుని, అటూ ఇటూ తిప్పి, ఎక్కువ భాగం వెళ్ళిన సుడితోనే పంపిస్తుంది. అందుకే పనిచేస్తున్న ఒక్క రిసీవర్నీ దానికే కలిపాను."

గడియారం వైపు చూశాను.

నిన్న ఆ రిసీవర్ కేబుల్ చూసి, పొరపాటున పెట్టారనుకుని, ఎదురు సుడి వైపుకి మార్చింది నేనే. మన చంద్రుణ్ణి చూసేటప్పుడు అలాగే పెడతాం మరి.

ఇంకా పదహారు నిమిషాలుంది. చెప్తే నా మొహం చూడదు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు, కానీ ఆ మంచు గురించి ఆవిడ తప్పు రాస్తుంది.

"మీకో మాట చెప్పాలి."

ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. "చెప్పండి."

"కేబుల్ మార్చేశాను."

ఆ మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. "పరిగెత్తు!"

రోజూ ఎక్కే యాంటెన్నా నిచ్చెనే, ఇవాళ రెండేసి మెట్లు దాటుతూ ఎక్కాను. కేబుల్ మార్చి దిగుతుంటే కాలు జారింది. కమ్మీ దొరకబట్టి బతికాను.

గదిలోకి వచ్చేసరికి స్క్రీన్ మీద గీత నిటారుగా లేచి ఉంది.

"వచ్చిందా? చూశారా?"

"రికార్డయింది. నేను చూళ్ళేదు." కళ్ళు తుడుచుకుంది. "మూడేళ్ళు దానికోసం కూర్చున్నాను. అది వచ్చే టైముకి పక్కన యాంటెన్నా కెమెరాలో నిన్ను చూస్తున్నా. జారావు కదా... చచ్చినంత భయమేసింది. ఇంకెప్పుడూ అలా పరిగెత్తకు."

"మీరేగా పరిగెత్తమన్నారు?"

"నోర్మూసుకో," అని నా చెయ్యి పట్టుకుంది.